తేలిన పునాది

పోయిన వారం మనం ఇంజినీరమ్మను సెల్లార్ మెట్ల మీద నిలబెట్టి వచ్చేశాం. పాపం, ఆవిడ ఇంకా అక్కడే ఉంది. చెవులు రిక్కించుకుని వింటోంది. ఆవిడను అంతగా కలవరపెట్టింది ఏదో చప్పుడు కాదు, ఉండవలసిన చప్పుడు లేకపోవడం. పునాది గొయ్యి తవ్విన నాటి నుంచి పగలనక రాత్రనక గుర్రుపెడుతున్న పంపులు ఆ ఉదయానికి నోరు మూసుకుని ఉన్నాయి.

ఈ కథలోకి కొత్తగా అడుగుపెట్టినవారికి రెండు ముక్కల్లో చెబుతాను. పాతవారు ఈలోగా టీ తాగి రావచ్చు. నగరాన్ని మాంద్యం పట్టుకుంది. ఎటు చూసినా సగం లేచి ఆగిపోయిన మేడలు, చాచిన చెయ్యి చాచినట్టే ఉండిపోయిన క్రేన్లు. మొన్నమొన్నటి దాకా ఫ్లాటు మాకంటే మాకని ఎగబడ్డవాళ్ళకు ఇప్పుడు ఫోను చేస్తే "ఆయన ఇంట్లో లేరండీ" అని ఆ ఆయనే చెబుతున్నాడు. అప్పిస్తానన్న బ్యాంకు చెయ్యి వెనక్కి తీసుకుంది. ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్న పెద్దలు మాంద్యంలో కట్టి చూడు అని మాత్రం అనలేదు. అంత కష్టం పగవాళ్ళకు కూడా వద్దనుకున్నారేమో.

ఇంజినీరమ్మ తండ్రిని అందరూ పెద్దాయన అంటారు. చేత తాపీ పట్టుకుని మొదలై, సొంత సంస్థ పెట్టి, వీధికొక మేడ లేపిన మనిషి. అయినా ఆయన పేరెత్తితే జనం మేడల మాట చెప్పరు, సెల్లార్ల మాటే చెబుతారు. ఆయన కట్టిన సెల్లార్లో చుక్క నీరు కనబడదని ఊరంతా ఒప్పుకుంటుంది, పోటీదారులతో సహా. కాలువ పక్కనున్న ఈ స్థలంలో కూడా ముందు లోతుకే కట్టాడు. మూడు అంతస్తుల సెల్లార్, నేలమట్టానికి ఒక్క స్లాబు. ఆ పైన లేవవలసిన అంతస్తులన్నీ కొడుకు అచ్చువేయించిన రంగు కాగితాల మీద ఉన్నాయి. అమ్మకాలు చూసే ఆ కొడుకును సైటులో బ్రోచర్ బాబు అని పిలుస్తారు, ఎదురుగా తప్ప. సామాను, అద్దె యంత్రాలు చూసేది పెద్దాయన తమ్ముడు, అంటే ఇంజినీరమ్మకు బాబాయ్. కుటుంబమంటే వీళ్ళే, సంస్థన్నా వీళ్ళే.

ఇక మెట్ల దగ్గరికి వద్దాం.

ఇంజినీరమ్మ లోపలికి దిగలేదు. గోడ వెంబడి చుట్టూ తిరిగి మొదటి బోరు దగ్గరికి వెళ్ళింది. సెల్లార్ చుట్టూ ఇలాంటి బోర్లు తవ్వి, నేలలోని నీటిని పంపులతో ఎప్పటికప్పుడు తోడి కాలువలోకి వదులుతూ ఉంటారు. ఇప్పుడక్కడ పంపు లేదు. తెగ్గోసిన గొట్టం, బురదలో లారీ చక్రాల జాడ ఉన్నాయి. ఆవిడ వంగి ఒక గులకరాయి తీసి బోరులో వేసింది. మామూలుగా రాయి వేసి, దాని సంగతి మరిచిపోయే వేళకు కింద బుడుంగుమనేది. ఇవాళ వేసీ వేయగానే పలికింది. ఎగువన కురిసిన వానలకు కాలువ నిండుగా ఉంది, ఆ నీరంతా నేలలోంచి ఇటే వచ్చి చేరుతోంది.

ఆవిడ గబగబా ర్యాంపు వైపు నడిచింది. కార్లు దిగడానికి వేసిన ఆ వాలుదారి సెల్లార్ అంచును కలిసే చోట బూటు దేనికో తట్టుకుంది. పడబోయి నిలదొక్కుకుంది. తట్టుకోవడానికి అక్కడ ఏమీ ఉండకూడదు, ఎందుకంటే ఆ అతుకును నున్నగా పూయించింది ఆవిడే. కూర్చుని చేత్తో తడిమింది. ర్యాంపు ఎక్కడిదక్కడే ఉంది. సెల్లార్ అంచు మాత్రం బొటనవేలు పట్టేంత పైకి లేచింది.

ఒక్క క్షణం గుండె ఆగినంత పనయింది. మరుక్షణం బుర్ర పనిచేయడం మొదలెట్టింది. ఆవిడలో నాకు నచ్చే గుణం అదే.

"మేస్త్రీ!" అని కేక వేసింది. "కిందున్న మనుషులందర్నీ పైకి రమ్మను. కరెంటు బోర్డు విప్పించు. ఇక్కడ, ఈ అతుకు మీద, ఒక సిమెంటు ముద్ద పూసి పక్కనే కూర్చో. ఆ ముద్ద చీలిందంటే నాకు చెప్పాలి."

"చీలితే ఏమైనట్టమ్మా?" అన్నాడు మేస్త్రీ.

"సెల్లార్ ఇంకా లేస్తున్నట్టు."

మేస్త్రీ సిమెంటు కోసం పరిగెత్తాడు.

ఇంతలో టీ గ్లాసు ఊదుకుంటూ బాబాయ్ వచ్చాడు. మనిషి మంచివాడు. వంగిన మేకును కూడా వంకర తీసి దాచుకునే రకం. ఆ ఉదయం ఆయన ముఖంలో పొదుపు చేసినవాడి కళ ఉట్టిపడుతోంది.

"పంపులెవరు తీసేశారు బాబాయ్?"

"ఎవరో ఎందుకు తీస్తారమ్మా, నేనే తీయించా!" అన్నాడు ఛాతీ విరుచుకుని. "నువ్వు నిన్నంతా బ్యాంకులో పడిగాపులు పడ్డావు కదా, నీకు చెప్పడం కుదర్లేదు. తిరగని సామానంతా అద్దెవాడికి అప్పజెప్పమని మీ నాన్నే అన్నాడు."

"తిరగని సామాను బాబాయ్! ఇవి తిరుగుతూనే ఉన్నాయి కదా?"

"తిరుగుతున్నాయి సరే, ఎందుకు తిరుగుతున్నాయంట? పైన పనే లేనప్పుడు కింద నీళ్ళు తోడి ఏం చేస్తాం? సెల్లార్ పూర్తయింది. గోడలు గట్టివి. చుక్క కారదు. కావాలంటే దిగి చూడు, లోపల దుమ్ము లేస్తోంది."

అక్కడే వచ్చింది చిక్కు. ఆయన చెప్పినదాంట్లో అబద్ధం ఒక్కటీ లేదు. లోపల నిజంగానే దుమ్ము లేస్తోంది. దుమ్ము లేవడమే ప్రమాదమని బాబాయ్‌కి తెలియదు, అంతే. మాంద్యంలో ఖర్చు తగ్గించేవాళ్ళు చేసే తప్పు ఇదే. కళ్ళకు కనబడే పని ఆగగానే కనబడని పనిని కూడా ఆపేస్తారు.

గేటు దగ్గర కారు ఆగింది. పెద్దాయన, వెనకే బ్రోచర్ బాబు దిగారు. ఇంజినీరమ్మ తండ్రిని ర్యాంపు దగ్గరికి తీసుకెళ్ళింది. పెద్దాయన వంగి వేలు పెట్టి చూశాడు. ఆయనకు ఎవరూ ఏమీ చెప్పనక్కర్లేకపోయింది. అలాగే ర్యాంపు గట్టు మీద కూలబడ్డాడు.

"ఏమైంది నాన్నా?" అన్నాడు బ్రోచర్ బాబు కంగారుగా.

"మీ అక్కనడుగు."

ఇంజినీరమ్మ బాబాయ్ చేతిసంచిలోంచి ఖాళీ టిఫిన్ డబ్బా లాక్కుంది. కాంక్రీటు తడపడానికి పెట్టిన నీళ్ళ డ్రమ్ము దగ్గరికి బాబాయ్‌నీ తమ్ముణ్ణీ పిలిచి, డబ్బాను బాబాయ్ చేతికిచ్చింది.

"దీన్ని నీళ్ళలోకి నొక్కండి బాబాయ్. అంచు మునగకూడదు."

ఆయన నొక్కాడు.

"ఏం తెలుస్తోంది?"

"పైకి తన్నుతోంది."

"చెయ్యి తీసేయండి."

తీశాడు. డబ్బా ఎగిరి లేచి, ఒక పక్కకు ఒరిగి, నీళ్ళ మీద తేలింది. ఇంజినీరమ్మ దాన్ని పట్టుకుని లోపల నిండా నీళ్ళు పోసింది. డబ్బా బుద్ధిగా డ్రమ్ము అడుక్కు వెళ్ళి కూర్చుంది.

"మన సెల్లార్ కూడా ఖాళీ డబ్బాయే. పైన అంతస్తులు లేస్తే వాటి బరువు మీ చెయ్యిలా నొక్కి పెట్టేది. అంతదాకా పంపులు కాపాడుతున్నాయి. ఇప్పుడు పైన బరువూ లేదు, కింద పంపులూ లేవు. నీరు లోపలికి రాలేక కింద నుంచి మొత్తాన్ని ఎత్తుతోంది. కాలువ వైపు ఎక్కువ ఎత్తుతోంది. ఇంకాస్త లేస్తే అడుగున పోసిన కాంక్రీటు పలక పగులుతుంది. అప్పుడు ఈ స్థలంలో మనం కట్టేదేమీ ఉండదు."

బాబాయ్ ముఖం మాడిపోయింది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్న సామెత ఆయనకు ఎవరూ గుర్తు చేయలేదు, చేయనక్కర్లేదు కూడా.

"ఇప్పుడే పంపులు తెప్పిస్తా" అని ఫోను తీశాడు.

"నాన్న కారు దిగేలోపే నేను చేశాను బాబాయ్. అద్దెవాడు వాటిని పొరుగూరికి పంపేశాడు. అవి తిరిగి వచ్చేసరికి పొద్దుపోతుంది. వచ్చినా, ఈ గడ్డుకాలం ఎన్నాళ్ళుంటుందో తెలియకుండా వాటికి డీజిలు పోస్తూ ఎంతకాలం కూర్చుంటాం? దారి ఒక్కటే." ఆవిడ తండ్రి వైపు తిరిగింది. "సెల్లార్ని నీళ్ళతో నింపేద్దాం నాన్నా."

ఆ మాట విని మేస్త్రీ కూడా సిమెంటు ముద్ద వదిలేసి ఇటు చూశాడు. పెద్దాయనతో ఆ మాట అనడమంటే, గాయకుణ్ణి ఇక గొంతెత్తవద్దని అడగడమే. జీవితమంతా ఆయన నీటితోనే తగవు పడ్డాడు. నీరు రాకుండా కట్టి పేరు తెచ్చుకున్నాడు. ఆ నీటికి ఇప్పుడు తన చేత్తో తలుపు తీయాలి.

ముందుగా విరుచుకుపడ్డది బ్రోచర్ బాబు.

"అక్కా, నీకేమైనా మతి పోయిందా? రేపు గాజుమేడల ఆసామి వస్తున్నాడు!"

ఆ ఆసామి ఎవరో పాత పాఠకులకు తెలుసు. నగరంలో మెరిసే అద్దాల మేడలన్నీ కట్టినవాడు. మాంద్యంలోనూ చేతిలో నాలుగు రాళ్ళు ఆడుతున్నవాడని పేరు. సంస్థలో సగం వాటా తీసుకుని దీన్ని గట్టెక్కిస్తాడని బ్రోచర్ బాబు ఎన్నాళ్ళుగానో అతని చుట్టూ తిరుగుతున్నాడు.

"నేను ఆయనకు ఏం చూపించి ఒప్పించాననుకున్నావు? ఈ సెల్లార్! చుక్క నీరు లేని సెల్లార్! రేపొచ్చి చెరువు చూస్తే వెనక్కి తిరిగి చూడకుండా పోతాడు. అప్పుడు బతికేదెలా? ఒక్క రోజు ఆగలేవా?"

"నేను ఆగుతానురా. నీళ్ళు ఆగవు."

"ఒక్క రోజక్కా!"

"అదుగో, అక్కడ బొటనవేలు పట్టేంత లేచింది. రేపు ఆసామి వచ్చేసరికి పిడికిలి పడుతుంది. ఆయనకు పగిలిన పలక చూపిస్తావా? దాన్ని దాచి సగం అమ్ముతావా?"

తమ్ముడు చెడ్డవాడు కాడు. సంస్థ మీద ఉన్న ప్రేమతోనే దాన్ని అమ్మడానికి సిద్ధపడ్డవాడు. కళ్ళు ఎర్రబడ్డాయి, అటు తిరిగిపోయాడు. ఇంజినీరమ్మ తమ్ముడి వైపు చూసింది. ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటే ఇదే కదా అనిపించింది. కానీ మాట మార్చలేదు.

పెద్దాయన లేచిన ఆ అంచును మరోసారి వేలితో తడిమాడు. చివరికి అన్నాడు.

"నింపితే నిలుస్తుందా తల్లీ?"

"నిలుస్తుంది. లేచినంతా మళ్ళీ దిగకపోవచ్చు, కానీ ఇంక లేవదు. లోపలి నీరు, బయటి నీరు సమానమయ్యాక ఏ పంపూ అక్కర్లేదు. మాంద్యం ఎన్నాళ్ళున్నా ఇది ఇక్కడే కదలకుండా కూర్చుంటుంది. మంచి రోజులొచ్చాక ముందు బయట తోడుదాం, తర్వాత లోపల తోడుదాం, కడిగించుకుని పైకి కట్టుకుందాం. నాకు నమ్మకముంది నాన్నా. ఇది కట్టి తీరతాం."

"నా పని ఏదీ ఎప్పుడూ మధ్యలో ఆగలేదమ్మా" అన్నాడు ఆయన. "కింద పూర్తయ్యేసరికి పైన ఎక్కేసేవాళ్ళం. నీటికి నా మీద గెలిచే తీరిక దొరకలేదు. నేనే గెలిచాననుకున్నాను." లేచి దుమ్ము దులుపుకున్నాడు. "పానా ఇవ్వు."

"మేస్త్రీ తిప్పుతాడు నాన్నా."

"నా సెల్లార్లోకి ఎవడో నీళ్ళు వదలడమేమిటి? ఇవ్వు."

అందరూ కలిసి దిగారు. అట్టడుగు అంతస్తులో నేలకు నాలుగు మూలలా నాలుగు గొట్టాలు. పలకను చీల్చుకుని కింది నీటిలోకి దిగినవి. కట్టేటప్పుడు వాటిలోంచి తోడి, పూర్తయ్యాక ఇనుప మూతలు బిగిస్తారు. పెద్దాయన కాలువ వైపు మూత దగ్గర మోకాళ్ళ మీద కూర్చున్నాడు. బోల్టు కదలలేదు. ఆయన బిగించినది మరి! బాబాయ్ ముందుకొచ్చి అన్నగారి చేతి మీద చెయ్యి వేసి తానూ తిప్పాడు.

"నా వల్లే అన్నయ్యా" అన్నాడు కళ్ళనీళ్ళతో.

"తిప్పరా ముందు. ఏడుపులు పైకెక్కాక."

"మూత మొత్తం తీయకండి, వదులు చేస్తే చాలు" అంది ఇంజినీరమ్మ. "మిగతాది నీరే చూసుకుంటుంది."

బోల్టు కిర్రుమంది. మూత అంచు నుంచి సన్నటి నీటిధార బుస్సున లేచి పెద్దాయన ముఖాన కొట్టింది. ఆయన తుడుచుకోలేదు. దుమ్ము మీద నీరు నల్లగా పాకుతూ, పసుపు రంగుతో కార్ల కోసం గీసిన గీతలను ఒక్కొక్కటే కప్పుకుంటూ పోయింది. ఇంజినీరమ్మకు ఏడుపొచ్చింది. దాచుకోలేదు. ఆ గీతలు గీయించిన రోజున తండ్రి ఎంత సంబరపడ్డాడో ఆవిడకు గుర్తుంది. తక్కిన మూడు మూతలూ పనివాళ్ళు వదులు చేశారు. నీరు చీలమండలు దాటగానే అందరూ పైకి ఎక్కేశారు.

పైన ర్యాంపు గట్టు మీద కూర్చుని ఎదురుచూడటం తప్ప చేసేదేమీ లేదు. బ్రోచర్ బాబు కూడా వచ్చి అక్క పక్కన కూర్చున్నాడు, కాస్త ఎడంగా. ఎవరూ టీ తాగలేదు. చాలాసేపటికి అతుకు దగ్గర బోర్లా పడుకుని చూస్తున్న మేస్త్రీ తల ఎత్తాడు.

"చీలలేదమ్మా! ముద్ద ఆరిపోయింది కూడా. వెంట్రుక వాసి చీలిక లేదు!"

"బతికించావే తల్లీ!" అని బాబాయ్ పెద్దగా అరిచి, పక్కనున్న పనివాణ్ణి కౌగిలించుకున్నాడు. బ్రోచర్ బాబు అక్క భుజానికి తన భుజం ఆనించాడు. పెద్దాయన కిందికి చూశాడు. జీవితంలో మొదటిసారి ఆయన సెల్లార్లో నీళ్ళు తళతళలాడుతున్నాయి.

సరిగ్గా ఆ వేళకే గేటు దగ్గర పొడుగాటి నల్లకారు ఆగింది. బ్రోచర్ బాబు లేచి నిలబడ్డాడు. ముఖంలో నెత్తుటి చుక్క లేదు.

"రేపు కదా రావాల్సింది!"

గాజుమేడల ఆసామి కారు దిగి నేరుగా ర్యాంపు దగ్గరికి నడిచి వచ్చాడు. తెల్లటి చొక్కా, నలగని మడతలు. "రేపు వేరే పని పడిందండీ, అందుకే ఇవాళే..." అంటూ కిందికి చూసి మాట మధ్యలో ఆపేశాడు. నీళ్ళను చూశాడు. మనుషులను చూశాడు. 

"ఇది లీకా?" అన్నాడు ఆసామి.

"కాదండీ" అంది ఇంజినీరమ్మ లేచి నిలబడి. "మేమే నింపాం. నేనే నింపమన్నాను. పంపులు ఆగిపోతే సెల్లార్ పైకి లేచింది. ఇప్పుడు నిలబడింది. మీరు వాటా తీసుకున్నా తీసుకోకపోయినా జరిగింది ఇదే. మీ దగ్గర దాచేదేమీ లేదు."

ఇంక అతను వెనుదిరుగుతాడని అందరూ అనుకున్నారు. అతను తిరగలేదు. నెమ్మదిగా వంగి, ర్యాంపు అతుకు దగ్గర తెల్లచొక్కా చెయ్యి చాచి, ఆ బొటనవేలంత మెట్టును తడిమాడు. మళ్ళీ తడిమాడు. తల ఎత్తేసరికి ఆ ముఖం కొనడానికి వచ్చినవాడి ముఖంలా లేదు.

"ఇలాగే ఉంటుందా అమ్మా, లేచినప్పుడు? కారు టైరు తట్టుకునేలా?"

"అవును. ఏం?"

"కాలువకు దిగువన నాకూ ఒక సెల్లార్ ఉంది. పని ఆపేశాను. ఖర్చు తగ్గుతుందని పోయిన వారం పంపులు కూడా ఆపించాను." నాలుక తడుపుకున్నాడు. "ఇందాక బయల్దేరుతుంటే వాచ్‌మన్ ఫోన్ చేశాడు. ర్యాంపు దగ్గర టైరు తట్టుకుంటోందని. సిమెంటు పూసి సరిచేయమని చెప్పి వచ్చాను."

బాబాయ్ కళ్ళు మూసుకున్నాడు. ఇంజినీరమ్మ అప్పటికే తండ్రి చేతిలోని పానా అందుకుని కారు వైపు నడుస్తోంది.

"మీ గొట్టాల మూతలు ఎక్కడున్నాయో చెప్పండి, దారిలో మాట్లాడుకుందాం. ముందు ఫోన్ చేసి నీళ్ళు వదలమనండి. మూతలు లేకపోతే కాలువ నుంచైనా గొట్టం పెట్టించి నింపమనండి. ఒక్క నిమిషం కూడా ఆగొద్దు."

ఆసామి కదలలేదు. ఫోను చేతిలోనే ఉంది.

"నింపకూడదమ్మా" అన్నాడు. "పని ఆగాక ఎక్కడికీ పోలేని కూలీలు ఉన్నారు కదా, పిల్లాజెల్లాతో... వాళ్ళందర్నీ ఆ సెల్లార్లోనే ఉండమన్నది నేనే. పొద్దుటి నుంచి కింది తలుపు బిగుసుకుపోయి తెరుచుకోవడం లేదట, వాళ్ళంతా ఇంకా లోపలే ఉన్నారు."